ఖాళీ చోట కూర్చున్నదెవరు?



పెన్నానది సముద్రంలో కలిసే ఈ నెల్లూరు తీరాన, శ్రీరామనవమి సమీపించగానే పల్లెపల్లెనా రామమందిరాలలో భజన అభ్యాసాలు మొదలగుట మీరెరిగినదే. ఉత్సవంనాటి పాటను ఊరంతా వింటుంది. అభ్యాసంనాటి మాటలు వినే భాగ్యం మాత్రం పాడేవారిదే. ఆ మాటలలోని నవ్వును గురించియు, ఆ నవ్వు చాటున ఉన్న ధర్మమును గురించియు నేడు కొంత మనవి చేయదలచినాము.

పాశ్చాత్య సంగీతంలో నూరుమంది వాద్యకారులను చేతిసంజ్ఞతో నడిపించే పెద్దను కండక్టరు అంటారు. ఆ మాట వినగానే మనకు బస్సు గుర్తుకు వస్తుంది. తప్పులేదు. అందరినీ కలిపి ఊరు చేర్చుటే ఇద్దరి పనియును! యూజీన్ ఆర్మాండీ అనే విద్వాంసుడు 1899లో హంగరీ దేశపు బుడాపెస్టు నగరంలో జన్మించి, 1936 నుండి 1980 వరకు అమెరికాలోని ఫిలడెల్ఫియా వాద్యబృందానికి సారథ్యం వహించినాడు. అభ్యాసవేళ ఆయన నోట జారిన మాటలను వాద్యకారులు వ్రాసిపెట్టుకొనేవారు. ‘ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నదెవరు?’ అని ఒకనాడు అడిగినాడని చెప్పుకొంటారు. తాను చేయి ఆడిస్తూ ఉండగా వాయించుట ఎందుకని మందలించినాడనియు అంటారు.

ఆయన హాస్యానికై పలికిన మాటలు కావవి. చెవి అంతా పాటలో మునిగి ఉన్నప్పుడు నాలుక ఒంటరిదైపోతుంది. మనస్సు ముందు నడుస్తుంది, మాట వెనుక తడబడుతూ వస్తుంది. పైగా అది ఆయనకు పుట్టుకతో వచ్చిన భాషయును కాదు.

మా చిన్ననాట మాకు భజన నేర్పిన అయ్యవారిదీ ఇదే తీరు. ‘పాడనివాళ్ళు కాస్త మెల్లగా పాడండయ్యా!’ అనేవారు. ‘ఈ రోజు రానివాళ్ళంతా ముందుకొచ్చి కూర్చోండి’ అనేవారు. మేము ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవారము. ఆయనకు మాత్రం మేము ఎందుకు నవ్వుతున్నామో తెలిసేది కాదు. శ్రుతి కలిసినదని సంతోషిస్తున్నామనుకొనేవారు.

ఒక ఏడు నవమికి నాలుగు రోజుల ముందు, మాలో ఒక పిల్లవాడు మందిరపు అరుగుమీద ఆయనను అనుకరించి చూపినాడు. మేమందరం పగలబడి నవ్వినాము. వెనుక ఆయన నిలిచి ఉన్నారు. మరునాడు అభ్యాసానికి వచ్చినారు గాని ఒక్క మాట పలుకలేదు. చేతితో తాళం వేసినారు, అంతే. తప్పు ఒక్కటి లేదు. అయినా ఆ పాటలో ప్రాణం లేదు. నవ్వుకొని పాడిన నోళ్ళు నాడు సిగ్గుతో ముడుచుకొనిపోయినవి. వెనుకటి నవ్వులో ప్రేమ ఉన్నది, అరుగుమీది నవ్వులో చిన్నచూపు ఉన్నది. రెండింటికీ శబ్దం ఒక్కటే, ఫలం వేరు.

ఆ పిల్లవాడు పాదాలపై బడి, ‘తప్పయిపోయింది అయ్యవారూ’ అన్నాడు. ఆయన లేవనెత్తి, ‘ఏంది నాయనా, నేను ఆ రోజు నీ మాట ఒక్కటీ వినలా. ఇప్పుడు మళ్ళీ చెప్పు, అదే మాట విన్నానో లేదో చూస్తా!’ అన్నారు. ఒక్క క్షణం నిశ్శబ్దం. పిమ్మట అందరం నవ్వినాము. ఈమారు ఆయనకును అర్థమై మాకంటె ఎక్కువగా నవ్వినారు. ఆ నవమికి పాడినట్లు మరెన్నడును పాడలేదు.

త్యాగరాజస్వామి రచించిన దివ్యనామ సంకీర్తనలను పాడే భజనలో, నడుమ దీపం వెలిగించి చుట్టూ తిరుగుతూ పాడుట సంప్రదాయం. చూచేవారికి ఆ నడుమ చోటు ఖాళీయే. పాడేవారికి అక్కడ స్వామి ఉన్నాడు. ‘ఖాళీ చోట కూర్చున్నదెవరు?’ అనే ప్రశ్నకు నవ్వినవారమే, భజనలో అదే ప్రశ్నకు చేతులు జోడిస్తాము. అయ్యవారు నేడు లేరు. అభ్యాసంలో ఆయన కూర్చునే చోట మేము ఇప్పటికిని ఒక చాప పరచి ఉంచుతాము. దానిపై ఎవరును కూర్చోరు.

కావున మీకు నేర్పేవారి నోట మాట తడబడినప్పుడు నవ్వండి, దోషం లేదు. ఆయన ఎదుట, ఆయనతో కలిసి నవ్వగల నవ్వేనా అని మాత్రం ఒక్కమారు చూచుకొనండి. తడబడినది మాట. మనలను దరిచేర్చేది ఆ మనస్సు.

స్వస్తి.