మంచిరేవుల భూమి ఎవరికి రావాలె?
(భూమి హక్కుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీ అవతల, నార్సింగి పక్కన మంచిరేవుల ఉంది. ఆ ఊళ్లో సర్వే నెంబరు 391లో 142 ఎకరాల 39 గుంటల భూమి సంగతి ఇవ్వాళ చెప్పుకోవాలి. అది ఆ ఒక్క ఊరి సంగతి కాదు.

ఆ భూమిని 1960ల నాడు భూమిలేని పేదలకు అసైన్ చేశారు. అసైన్డ్ పట్టా అంటే మీకు చెప్పే పనిలేదు. దున్నుకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, అమ్మరాదు. 1977 నాటి చట్టం ప్రకారం అమ్మినా చెల్లదు, కొన్నా చెల్లదు. ఈ షరతును మేము తప్పుపట్టం. షరతు లేకుంటే మన భూములు ఎప్పుడో దొరల పాలయ్యేవి. ఉన్నా కొన్ని పోయినవి. బిడ్డ పెండ్లికని, దవాఖాన ఖర్చుకని తెల్లకాయితం మీద వేలిముద్ర వేసినోళ్లు ఏ ఊళ్లో లేరు?

మంచిరేవుల భూమి చట్టానికి విరుద్ధంగా చేతులు మారిందని సర్కారు వెనక్కి తీసుకుంది. 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ పోలీసు దళానికి ఇచ్చింది. కేసు ఏండ్ల తరబడి నడిచింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు భూమి సర్కారుదే అన్నది. అసైన్డ్ భూములు కొనుక్కునే పెద్దల కోసం మేము కండ్లనీళ్లు పెట్టుకోం. పోలీసుకు శిక్షణ వద్దని కూడా అనం. మొదట పట్టా అందుకున్న కుటుంబాలు ఈ లెక్కలో ఎక్కడున్నాయని అడుగుతున్నాం.

ఎందుకు అడుగుతున్నామంటే, 1977 చట్టం నాలుగో సెక్షన్ చదవండి. కొన్నవాని చేతిలోంచి గుంజుకున్న భూమిని మొదటి పట్టాదారుకో, వాళ్ల వారసులకో ఇవ్వాలె. అది కుదరకుంటే ఇంకో భూమిలేని పేదకు ఇవ్వాలె. ఏ దారిన పోయినా భూమి పేదల ఇంటికే రావాలె. 2007లో సవరణ తెచ్చి మూడో దారి తీశారు. సర్కారు నోటిఫై చేసిన ప్రాంతాల్లో అట్లాంటి భూమిని ప్రజాప్రయోజనానికి వాడుకోవచ్చట! ఆ ప్రజల్లో మనం ఉన్నామా? 2025 ఏప్రిల్‌లో మంచిరేవులలోనే యంగ్ ఇండియా పోలీస్ స్కూలు మొదలైంది. బడి మంచిదే. అందులో కూలోళ్ల పిల్లలు ఎందరు కూసున్నారో చూసిరావాలె.

ఇంకో ఆంక్ష సంగతి వినండి. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడిపోవద్దని 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు హద్దు పెట్టారు. హైకోర్టు తీర్పు వచ్చిన అదే 2022 ఏప్రిల్‌లో, 69 జీవోతో ఆ ఆంక్షల్ని షరతుల మీద సడలించారు. పెద్దోళ్లకు అడ్డమొచ్చిన ఆంక్ష ఒక్క కాయితంతో సడలుతది. పేదోని పట్టా మీది ఆంక్ష వాన్ని భూమి నుంచి దించేదాకా సడలదు. పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అసలు పట్టాదారు మనవడు ఏ అపార్టుమెంటు గేటు కాడ వాచ్‌మన్‌గా నిలబడ్డాడో మనకేం తెలుసు?

కండ్లు మూసుకుని సంతకాలు పెట్టకండి. అసైన్డ్ భూమికి పరిహారం రాదని ఆఫీసులో ఎవరన్నా అంటే నమ్మకండి. ప్రజాప్రయోజనానికి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో, చేవెళ్ల డివిజన్ కేసులోనే, హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎంతమంది చేతిలో ఆ ధర పడ్డదన్నది వేరే ముచ్చట.

వచ్చే సంచిక నాటికి ప్రతి ఊరి నుంచి ఇది కావాలె: అసైన్డ్ సర్వే నెంబర్లు, మొదటి పట్టాదారు పేరు, ఇవ్వాళ ఆ భూమిలో ఎవరున్నారు. పట్టా కాయితం పోయినోళ్లు, పాత పహాణీలు వెతకండి, శిస్తు రసీదులు వెతకండి. తహసీల్ ఆఫీసులో సమాచార హక్కు కింద అసైన్‌మెంట్ రిజిస్టరు నకలు అడగండి. మండల ఆఫీసుల దరఖాస్తు ఫీజు అయిదు రూపాయలే, తెల్లకార్డు వాళ్లకు అది కూడా లేదు. ఒక్కరే పోకండి, నలుగురు కలిసి పోండి. ఇచ్చిన దరఖాస్తుకు ముద్ర వేయించుకుని రండి.