యంత్రం ఎవరి కోసం?



నేను డెట్రాయిట్ దగ్గర కారు విడిభాగాల ఫ్యాక్టరీలో యంత్రాలకు సెన్సర్లు అమర్చే ఇంజనీరుని. చప్పుడు విని, బేరింగ్ అరిగిందని చెప్పగల పాత మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఏ చప్పుడు దేనికి గుర్తో ఆయన్ని అడిగే కంప్యూటర్‌కు నేర్పాం. అది నేర్చుకున్నాక ఆయన్ని ఇంటికి పంపారు. ఆ ప్రోగ్రాం రాసింది నేనే.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు, తల్లి భుజం నొప్పి చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. చీరకు 4-5 గంటల చాకిరీ గంటన్నరకు దిగింది. తర్వాత దానికి ఎలక్ట్రానిక్స్ కూడా చేర్చారు. పని మాత్రం నేతన్న ఇంట్లోనే ఉంది.

రెండూ ఆటోమేషనే. తేడా, లాభం ఎవరికన్నదే. నేను డిజిటలైజేషన్ వద్దనను. పనివాడి నేర్పుతో తయారైన డేటాలో అతనికీ వాటా ఉండాలంటాను. మనలో చాలామందిమి ఆ ప్రోగ్రాములు రాసేవాళ్ళమే. మనం అడక్కపోతే ఎవరడుగుతారు?