ఆకాశాలలో మరెవరైనా ఉంటే మన ఈమాను ఏమవుతుంది?

(అలిపిరిలో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షిక సభ అంటే జమాఖర్చులు చదవడము, పిల్లలకు స్కాలర్‌షిప్పులు పంచడము, చివర అందరూ కలిసి భోంచేయడము మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "పిల్లలకు పనికివచ్చేది ఏదైనా పావుగంట చెప్పండి సాబ్" అన్నారు. సరేనన్నాము. కాని మేము ఎంచుకొన్న విషయము విన్నాక ఆయన కొంచెము తటపటాయించారు. భూమి మీద కాక ఇంకెక్కడైనా ప్రాణమున్న సృష్టి ఉంటే మన మత విశ్వాసము నిలుస్తుందా, నిలవదా అనేది ఆ విషయము. "ఇప్పుడు ఇదెందుకండీ?" అన్నారు. ఎందుకో చెప్పాలంటే ముందు మా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

2023 ఆగస్టు 23 సాయంత్రము. చంద్రయాన్-3 చందమామ మీద దిగిన రోజు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరు గంటల నాలుగు నిమిషాలకు దిగినది. మా ఇంట్లో ఇరుగుపొరుగు అందరమూ టీవీ ముందే ఉన్నాము. చప్పట్లు కొట్టాము, మిఠాయి పంచుకొన్నాము. ఇంతలో మగ్రిబ్ అజాను అయింది. మనవణ్ణి వెంటబెట్టుకొని మసీదుకు బయలుదేరాము. దారిలో వాడు అడిగినాడు: "దాదా, అంత దూరంలో ఏదో నక్షత్రం దగ్గర మనలాంటోళ్లు ఉంటే, వాళ్లు ఏ పక్కకు తిరిగి నమాజు చేస్తారు? వాళ్లకు ప్రవక్త ఎవరు?"

మేమేమన్నామో తెలుసా? "నోరు మూసుకొని నడువు. ఇట్లాంటివి అడిగితే గునా" అన్నాము. వాడు మారు మాట్లాడలేదు. నెల తరువాత మా కోడలు చెప్పినది: "మామా, వీడు సైన్సు పుస్తకం మీ ముందర తెరవడం మానేసినాడు. దాదాకు సైన్సంటే ఇష్టం లేదంట."

అయ్యా, ఆ మాట మా గుండెలో గుచ్చుకొన్నది. మేము కాపాడాలనుకొన్నది పిల్లవాడి ఈమాను. చేసిన పని ఏమంటే, ఈమాను ఒక గదిలోను, చదువు వేరొక గదిలోను పెట్టి నడుమ తలుపు మూసేయడము. రేపు వాడు పెద్ద చదువుకు పోయి, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలనుకొంటే ఆ తప్పు ఎవరిది? అందుకని ఆనాడు వాడికివ్వని జవాబు ఈనాడు మీ అందరి ముందు ఇవ్వాలని వచ్చాము.

ముందుగా శాస్త్రజ్ఞులు ఏమి కనుగొన్నారో చూద్దాము. ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2022లో జిల్లాలు విడిపోయినాక శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోకే వచ్చినది. 1980 జులై 18న మన అబ్దుల్ కలాంగారి సారథ్యంలో తయారైన ఎస్ఎల్‌వీ-3 అక్కడినుంచే రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చినది. 2008లో చంద్రయాన్-1 అక్కడినుంచే వెళ్లినది. అది పంపిన వివరాలతో చంద్రుని మీద నీటి జాడ ఉన్నదని 2009లో లోకానికి తెలిసినది. 2013 నవంబరు 5న మంగళయాన్ అక్కడినుంచే అంగారకునికి బయలుదేరినది. దానిలోని అయిదు పరికరాలలో ఒకటి అక్కడ మీథేను వాయువు ఉన్నదా అని వెదకడానికే. మన భూమి మీద ఆ వాయువులో చాలా భాగము ప్రాణులవల్ల పుడుతుంది కాబట్టి వెదికినారు. అంటే "అక్కడ ఎవరైనా ఉన్నారా" అన్న ప్రశ్న మా మనవడు ఒక్కడిదే కాదు. మన జిల్లా నుంచి ఎగిరిన యంత్రము కూడా అదే అడిగినది!

ఇక హైదరాబాదులో జరిగినది ఇంతకన్నా ముఖ్యము. అక్కడ టాటా సంస్థవారి బెలూన్ కేంద్రమున్నది. 2001లోను, 2005లోను అక్కడినుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదిలి, పైగాలిలో సూక్ష్మజీవులున్నాయా అని పరీక్షించినారు. దీని వెనుక ముఖ్యులు జయంత్ నార్లీకర్‌గారు. ఆయన 2025లో గతించినారు. 2005లో శుభ్రపరచి గాలి తీసేసిన పదహారు ఉక్కు గొట్టాలను పైకి పంపి, 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి పట్టి తెచ్చినారు. ఆ గాలిని హైదరాబాదు సీసీఎంబీలోను, పుణెలోని మరొక సంస్థలోను వేరువేరుగా పరీక్షించినారు. పన్నెండు రకాల బాక్టీరియా, ఆరు రకాల బూజు దొరికినవి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎవరూ ఎరుగనివి. వాటిలో ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి మన ఆర్యభట్టు పేరు పెట్టినారు.

ఇక్కడే మీరు గమనించవలసిన సంగతి ఉన్నది. 2009లో ఇస్రో ఈ సంగతి ప్రకటించినప్పుడు "ఇవిగో, ఆకాశం నుంచి వచ్చిన జీవులు" అని చాటింపు వేయలేదు. కొత్త జీవులు దొరికిన మాట నిజము, అవి భూమికి బయటినుంచి వచ్చినవని మాత్రము తేలలేదు అన్నారు. ఆ తరువాత ఆర్యభట్టు పేరుగల సూక్ష్మజీవి మొక్కల వేళ్ల దగ్గరి మట్టిలో కూడా చాలాచోట్ల కనబడినది. తొందరపడి చాటింపు వేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

సూర్యుని వంటి వేరే నక్షత్రము చుట్టూ గ్రహము తిరుగుతున్నదని మొదటిసారి 1995లో తెలిసినది. ఇప్పటికి అట్లాంటివి 5,000కు పైగా లెక్కకు వచ్చినవి. వాటిలో కే2-18బీ అనే గ్రహము 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్‌గారు 1901లో నిజామియా వేధశాల మొదలుపెట్టిన కాలంలో అక్కడ బయలుదేరిన వెలుగు ఇప్పటికి మనకు చేరుతున్నదన్నమాట. 2025 ఏప్రిలులో మన దేశంలో పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్‌గారి బృందము ఆ గ్రహపు గాలిలో ఒక వాయువు గుర్తులు కనబడినవని ప్రకటించినది. మన సముద్రాలలో అది ముఖ్యంగా సూక్ష్మజీవులవల్ల పుడుతుంది. ఇతర శాస్త్రజ్ఞులు మాత్రము ఈ ఆధారము చాలదన్నారు. కాబట్టి భూమి బయట ప్రాణి ఉన్నదని నేటివరకు రుజువు కాలేదు. లేదని కూడా రుజువు కాలేదు.

ఇక మన దీన్ వైపు వద్దాము. మేము ఆలిమ్‌ము కాము. పెద్దలు రాసినది చదివి, మౌల్వీ సాబ్‌లను అడిగి తెలుసుకొన్నది మనవి చేస్తున్నాము.

మనము రోజుకు అయిదు పూటలా నమాజులో అల్లాహ్‌ను ఏమని తలుచుకొంటాము? రబ్బుల్ ఆలమీన్ అని. ఆలమీన్ అంటే లోకాలు. ఒక లోకము కాదు, లోకాలు. సుమారు ఎనిమిది వందల ఏండ్ల క్రితము ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ ఈ మాటమీద వ్యాఖ్య రాస్తూ, ఈ లోకము కాక వేలకు వేల లోకాలు సృష్టించడము అల్లాహ్‌కు సాధ్యమేనన్నారు. ఉండేది ఒకే లోకమన్న గ్రీకు తత్త్వవేత్తల వాదన నిలవదన్నారు. ఆయనకు ముందే అల్‌బిరూనీ, ఇబ్నె సీనాకు ఉత్తరాలు రాస్తూ, వేరే లోకము ఉండరాదన్న అరిస్టాటిల్ మాటను ప్రశ్నించినారు. మన దేశానికి వచ్చి, సంస్కృతము నేర్చి, మన శాస్త్రాలు చదివిన ఆ బిరూనీయే. చూశారా, మన పెద్దలు ప్రశ్నకు భయపడలేదు.

దివ్య ఖుర్ఆన్ సూరా అష్షూరాలో 29వ ఆయత్ భూమిలోనే కాక ఆకాశాలలో కూడా వ్యాపింపజేసిన జీవులను అల్లాహ్ నిదర్శనాలలో ఒకటిగా చెబుతుంది. పూర్వపు వ్యాఖ్యాతలు కొందరు ఆకాశపు జీవులంటే దైవదూతలు అన్నారు. కొంతకాలము హైదరాబాదు నిజాము కొలువులో కూడా పనిచేసిన అబ్దుల్లా యూసుఫ్ అలీగారు తమ ఇంగ్లీషు అనువాదపు వ్యాఖ్యలో, ఇతర గోళాలలో ఏదో రూపంలో ప్రాణముండవచ్చునన్న అర్థము తీసినారు. ఏడు భూముల గురించి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ పేరుతో వచ్చిన ఒక మాట మీద పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాది ఉలమాల మధ్య గట్టి వాదాలే జరిగినవి. ఆ వాదాలలోకి ఈ సభలో మనము పోవద్దు. అప్పటికే ఈ ప్రశ్న మనవాళ్లకు కొత్త కాదని చెప్పడానికే ఎత్తినాము.

ఇంకొక సంగతి. మనిషి ఒక్కడే బుద్ధిగల సృష్టి అని మన దీన్ ఎప్పుడూ చెప్పలేదు. దైవదూతలను నమ్ముతాము, జిన్నులను నమ్ముతాము. మనకు కనబడని, మనకన్నా వేరైన సృష్టి ఉన్నదని నమ్మేవానికి, దూరపు గ్రహము మీద పురుగో పాచో దొరికితే ఈమాను ఎందుకు కదలాలి?

ఈ ఆలోచన మనకొక్కరికే చెందినదీ కాదు. మనము కూర్చున్న ఈ అలిపిరి మెట్ల దగ్గర కొండెక్కే హిందూ సోదరులు తమ స్వామిని అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని పిలుస్తారు. అందులోనూ బ్రహ్మాండాలు ఒకటి కాదు, కోట్లు. వాటికన్ వేధశాలకు పెద్దగా ఉండిన ఫాదర్ ఫునెస్‌గారు 2008లో, వేరే గ్రహాలలో జీవులుంటే వారూ దేవుని సృష్టిలో మన సోదరులే అన్నారు. విశ్వాసాలలో తేడాలు ఎన్ని ఉన్నా, సృష్టికర్త శక్తికి మన ఊరి పొలిమేర గీయరాదన్న చోట మాత్రము అందరూ కలుస్తున్నారు.

అయితే, పిల్లలూ, ఇంకొక వైపు కూడా జాగ్రత్త చెప్పాలి. కొందరు ఏ వార్త వచ్చినా "ఇది మా గ్రంథంలో ఎప్పుడో ఉన్నది" అని ఎగిరి గంతేస్తారు. రేపు ఆ శాస్త్రజ్ఞులే తమ మాట మార్చుకొంటే గ్రంథాన్ని కూడా మారుస్తారా? శాస్త్రము మారుతూ పోయేది, అదే దాని బలము. మారేదానికి ఈమానును ముడివేయరాదు. ప్రశ్న అడిగినవాణ్ణి గదమడము ఒక తప్పు, తొందరపడి రుజువైపోయిందనడము రెండవ తప్పు. మొదటిది మేము చేసినాము. రెండవది మీరు చేయకండి.

మన పాత ఆలిమ్‌లు ఎంత రాసినా చివర "అల్లాహు ఆలమ్" అనేవారు. అసలు సంగతి అల్లాహ్‌కే తెలుసు అని. హైదరాబాదు శాస్త్రజ్ఞులు "ఇంకా తేలలేదు" అన్నారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు, కాని రెండిట్లోనూ ఉన్న వినయము ఒకటే. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగిపోవడము. దీన్ ఉన్నవాడికీ, చదువు ఉన్నవాడికీ ఇద్దరికీ అదే అందము.

ఇప్పుడు మా మనవడికి జవాబు. "బేటా, వాళ్లు ఏ పక్కకు తిరుగుతారో నాకు తెలియదు. 2007లో మలేషియా నుంచి షేక్ ముజఫ్ఫర్ అంతరిక్ష కేంద్రానికి పోయినప్పుడు అక్కడి ఉలమాలు కూర్చొని, వీలైతే కాబా వైపు, కాకుంటే భూమి వైపు, అదీ కాకుంటే ఎటు వీలైతే అటు అని దారి చూపించినారు. వాళ్లు ప్రశ్నను గునా అనలేదు. ప్రతి జనానికీ దారి చూపేవారిని పంపినానన్న అల్లాహ్, అక్కడ ఎవరైనా ఉంటే వారిని మరచిపోడు. వారి లెక్క వారిది, మన లెక్క మనది. ఖయామత్ రోజున నన్ను అడిగేది వేరే గ్రహము సంగతి కాదు. నీ పక్కింటివాడు ఆకలితో ఉంటే ఏం చేసినావు, నీ బిడ్డ చదువుతానంటే ఏం చేసినావు అని." ఈ జవాబు మొన్న వాడితో చెప్పినాము. వాడు వెంటనే ఇంకొక ప్రశ్న అడిగినాడు. దానికి జవాబు మాకు తెలియలేదు. తెలియదనే చెప్పినాము. ఇద్దరమూ కలిసి పుస్తకము తెరిచినాము.

చివరగా సొసైటీకి రెండు మనవులు. ఒకటి, మన లైబ్రరీలో దీన్ పుస్తకాల పక్కనే సైన్సు పుస్తకాలకు ఒక బీరువా పెట్టండి. మొదటి పది పుస్తకాల ఖర్చు మేము భరిస్తాము. రెండు, 2019 నుంచి శ్రీహరికోటలో మామూలు జనము కూర్చొని రాకెట్టు చూడడానికి గ్యాలరీ ఉన్నది. ముందుగా పేర్లు నమోదు చేసుకొని, ఈ ఏడు స్కాలర్‌షిప్పు అందుకొన్న పిల్లలను, ఆడపిల్లలతో సహా, ఒక బస్సులో తీసుకొనిపోదాము. జొహర్ నమాజు అక్కడే చదువుకొందాము.

మన బిడ్డలు ఆకాశము వైపు తలెత్తి ప్రశ్నలడిగేవారు కావాలని, అదే తలను సజ్దాలో వంచేవారు కూడా కావాలని అల్లాహ్‌ను దువా చేస్తూ సెలవు తీసుకొంటున్నాము. ఆమీన్.

వస్సలామ్.