పొట్లముపై ముద్ర - ప్రభుత్వముల పాత్ర



భోజనము ఇంటి విషయము, చట్టము సచివాలయపు విషయము. ఈ రెండును కలిసికొను తావు అంగడిలోని పొట్లముపై నుండు ముద్ర. అందు హలాలు ముద్రను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇస్లాము ధర్మమున హలాలు అనగా అనుమతింపబడినది. మాంసమునందు జంతువును వధించు విధమునకును, తక్కిన పదార్థములందు మద్యము, పందికొవ్వు వంటివి లేకుండుటకును ఈ మాట వర్తించును.

మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో విదేశవ్యాపారము కేంద్రమునది, ప్రజారోగ్యము, పశుసంరక్షణము రాష్ట్రములవి, ఆహారకల్తీ ఉభయులది. హలాలు అను మాట ఏ జాబితాలోను లేదు. అందుచే చిక్కులు పుట్టుచున్నవి.

తెలుగునాట ఇట్టి అధికార విభజనకు నాటి మెదకు జిల్లా రుద్రారములోని అల్‌కబీర్ కబేళా ఉదాహరణము. ఎగుమతి కేంద్రముయొక్క విధానము. పశువధకు 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము. అచటి వివాదము హలాలును గూర్చినది గాదు, పశుసంపద తరుగుదలను గూర్చినది. అది సుప్రీంకోర్టువరకు పోయి 2006లో పరిష్కారమైనది.

ఆ 2006లోనే వచ్చిన ఆహార భద్రతా ప్రమాణముల చట్టము దేశమంతటికి ఒక్కటే. కాని అమలు చేయువారు రాష్ట్రముల కమిషనర్లు. 30వ సెక్షను ననుసరించి, ప్రజారోగ్యముకొరకు, ఏడాదికి మించకుండ ఒక ఆహారమును వారు నిషేధింపవచ్చును. ఈ అధికారముతో 2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ హలాలు ధ్రువపత్రముగల ఆహారముల తయారీని, అమ్మకమును నిషేధించి, ఎగుమతిని మాత్రము మినహాయించినది. వేరొక ధ్రువపత్రము కొనువారిని తికమక పెట్టునని ఆ ప్రభుత్వ వాదము. అదే ఏట ఏప్రిలులో కేంద్రము హలాలు మాంసపు ఎగుమతికి గుర్తింపుపొందిన సంస్థల ధ్రువీకరణ విధానమును ప్రకటించినది. అనగా ఓడరేవుకు పోవు పెట్టెపై ఒప్పయిన ముద్ర, వీథిలోని దుకాణమున తప్పయినది! ఈ ఉత్తరువును సవాలు చేయుచు కొందరు సుప్రీంకోర్టు నాశ్రయించిరి.

ముద్ర ప్రజారోగ్య విషయమా, లేక కొనువాని నమ్మకమునకు సంబంధించిన విషయమా? మనవారెందరో నివసించు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము 2000 సంవత్సరపు చట్టముతో ఒక మార్గము చూపినది. ఏది హలాలో ప్రభుత్వము తేల్చదు. అమ్మువాడు తాను ఏ ఆధారముతో హలాలనుచున్నాడో వెల్లడింపవలయును. చెప్పినది అబద్ధమైనచో శిక్ష.

ఇది మనకు క్రొత్త గాదు. పచ్చచుక్కను చూచి శాకాహారమని నమ్మి కొనుచున్నాము. శాకాహారము శ్రేష్ఠమా యని ప్రభుత్వము తీర్పు చెప్పుట లేదు. చుక్క నిజము చెప్పవలెనని మాత్రమే శాసించుచున్నది.

భిలాయిలో కర్మాగారము కేంద్రమునది, అంగడిని తనిఖీచేయు అధికారి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమువాడు. నానా రాష్ట్రములవారును, నానా మతములవారును ఇచట ఒక్క అంగడిలో కొనుచున్నారు. ధర్మనిర్ణయము వారి వారికి విడిచి, సత్యమును కాపాడుటయే ఉభయ ప్రభుత్వముల విధియని నా విన్నపము.