పిల్లర్‌కు సెట్‌బ్యాక్ ఎంత?



ఇవాళ ప్లానర్లుగా, ఆర్కిటెక్టులుగా పట్టా పుచ్చుకుంటున్న మీలో కొందరు మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్లలో చేరతారు. అక్కడ మొదట చేతికి వచ్చేది ఇంటి ప్లాన్. రెండు వందల గజాల్లో జీ ప్లస్ టూ కట్టుకుంటానని ఒకాయన దరఖాస్తు పెడతాడు. ముందు ఎంత వదిలాడు, పక్కన ఎంత వదిలాడు, అంటే సెట్‌బ్యాక్ ఎంత, ఎదుటి రోడ్డు వెడల్పుకు ఎత్తు సరిపోతుందా అని స్కేలు పెట్టి మరీ చూస్తారు. ర్యాంపు రోడ్డు మీదికి అడుగు జరిగితే నోటీసు. మెట్లు బయటికి పొడుచుకొస్తే ఇంకో నోటీసు. అందులో తప్పేమీ లేదు, గాలీ వెలుతురూ ఆడాలని, ఫైరింజన్ తిరగాలని పెట్టిన రూల్స్ అవి.

కొన్నాళ్లకు అదే ఇంటి ముందు ఫ్లైఓవర్ లేస్తుంది. రెండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేసుకునే తీగకు ఎదురుగా కాంక్రీటు గోడ నిలబడుతుంది. దానికి సెట్‌బ్యాక్ ఎంత? దాని రూపం చూసి సరేనన్నది ఎవరు? బిల్డింగ్ రూల్స్ పుస్తకం తిరగేస్తే జవాబు దొరకదు. ఆ రూల్స్ ప్లాటు గురించి రాసినవి, రోడ్డు గురించి కాదు. వీధి మొత్తంలో పెద్ద కట్టడం ఏదో, సరిగ్గా దానికే వీధి రూల్స్ వర్తించవు. ఇవాళ చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

హైదరాబాద్‌లో అత్తాపూర్ వెళ్లండి. అక్కడ ఎవరిని అడ్రస్ అడిగినా ముందు పిల్లర్ నంబర్ చెబుతారు. షాపు బోర్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద, ఫుడ్ డెలివరీ యాప్‌లో లాండ్‌మార్క్‌గా పిల్లర్ నంబరే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. ఎయిర్‌పోర్టుకు వెళ్లే కారుకు అది నిజంగా వరమే. కానీ బైకులకు పైన అనుమతి లేదు. నగరంలో ఎక్కువ మంది నడిపే బండి కింద, పిల్లర్ల మధ్యే తిరగాలి. పైన వెళ్లేవాడికి ఆకాశం, కింద ఉన్నవాడికి పిల్లర్ నంబర్. రవాణా పథకం అంటాం గానీ, వీధి రూపాన్ని కూడా ఎవరికెంత అన్న లెక్కన పంచేది అదే.

అధికారులకు అందం మీద పట్టింపు లేదనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటన బోర్డులు ఉండకూడదని 2020లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మేడల మీద నిలబెట్టిన హోర్డింగుల ఇనుప చట్రాలకు ఆ ఉత్తర్వుతో గడ్డుకాలం వచ్చింది. మంచి ఉత్తర్వు. అంటే వీధిని కంటికి ఇంపుగా ఉంచడానికి ప్రభుత్వానికి అధికారం ఉంది, తలచుకుంటే వాడగలదు కూడా. ఆ అధికారాన్ని తన కట్టడాల మీద వాడుకోదు, అంతే.

ఒకప్పుడు వాడుకుంది. 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు నగరాన్ని ఊడ్చేశాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేసిన పనుల్లో పత్తర్‌గట్టి ఒకటి. చార్మినార్ వైపు పోయే రోడ్డును వెడల్పు చేసి, పక్కన మిగిలిన స్థలాలను ఎవరిష్టానికి వాళ్లకు వదిలేయలేదు. రెండు వైపులా ఒకే తీరు రాతి ముఖం, కింద కమానుల వరస, కమానుల వెనక దుకాణాలు, పైన గదులు. ఎండైనా వానైనా జనం కమానుల కింద నడిచిపోవచ్చు. రోడ్డు గీసినవాళ్లే రోడ్డు అంచు కూడా గీశారు. ఇప్పుడు వెళ్లి చూస్తే బోర్డులు, కరెంటు వైర్లు, ఏసీ డబ్బాలు కమానులను సగం మింగేసి ఉంటాయి. అయినా ఆ వరస ఇంకా కంటికి ఆనుతుంది. ఆ పని చేయించింది రాచరికం, ఎవరినీ అడగాల్సిన అవసరం దానికి లేదు. ఆ సౌలభ్యం మీకు ఉండదు, ఉండకూడదు కూడా.

రవాణా సంస్థ మెడలు వంచి అందం రూలు పాటించేలా చేసిన ఊళ్లు వేరే ఉన్నాయి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఎలక్ట్రిక్ ట్రాములు వస్తున్న కాలంలో, నగరం నడిబొడ్డున తలల మీద వైర్లు వేలాడకూడదని చట్టసభ తేల్చి చెప్పింది. ట్రామ్ కంపెనీలు గోల పెట్టాయి, తర్వాత దారి వెతుక్కున్నాయి. పట్టాల మధ్య సన్నని చీలిక, దాని కింద గొయ్యిలో కరెంటు కడ్డీ. ట్రామ్ అడుగు నుంచి ‘నాగలి’ అని పిలిచే పరికరం ఆ చీలికలోకి దిగి కరెంటు అందుకునేది. ఊరి అంచున ఒక గుంటలో మనిషి కూర్చుని, వచ్చిన ప్రతి ట్రామ్‌కు నాగలి విప్పేవాడు. అక్కడి నుంచి శివారుకు మామూలుగా పై వైరు మీద నడిచేది. ఖర్చు ఎక్కువ, చీలికలో చెత్త చేరితే బండి ఆగేది. అయినా 1962లో ట్రాములు ఆగిపోయేదాకా ఆ ఏర్పాటు సాగింది.

ఇదే వాషింగ్టన్‌లో కథకు రెండో ముఖం ఉంది, అది కూడా తెలిసి ఉండాలి. నగరం నైరుతి భాగాన్ని మురికివాడ అని ముద్ర వేసి మొత్తం పడగొట్టి కడతామన్నారు. అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. అది పాడుబడ్డదీ కాదు, మురికిదీ కాదు. మా కొట్టు బాగానే ఉంది కదా, ఎందుకు తీసుకుంటారని యజమాని తరఫువాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1954లో బెర్మన్ వర్సెస్ పార్కర్ కేసులో వాళ్లు ఓడిపోయారు. ఊరు ఆరోగ్యంగానే కాదు, అందంగా కూడా ఉండాలని ప్రభుత్వం కోరుకోవచ్చని కోర్టు చెప్పింది. అందం కోసం పెట్టే నిబంధనలకు ఆ దేశంలో పెద్ద ఊతం అయిన తీర్పు అది. ఆ తీర్పు నీడలో వేల కుటుంబాలు, ఎక్కువగా నల్లజాతి వాళ్లు, ఇళ్లు వదిలి వెళ్లారు. నైరుతి వాషింగ్టన్ మీదుగా ఫ్రీవే వేశారు. అందం పేరుతో ఊరు ఖాళీ చేయించి ఫ్రీవే వేయడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

మన దగ్గర ఆ పని చిన్న మోతాదులో జరుగుతుంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే ముందు రోజు రాత్రి మిర్చి బజ్జీల బండి, చెప్పులు కుట్టేవాడి గొడుగు మాయం. దాన్ని సుందరీకరణ అంటారు. వీధి వ్యాపారులకు 2014 నాటి కేంద్ర చట్టం హక్కులు ఇచ్చింది. సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, టౌన్ వెండింగ్ కమిటీని అడగాలి. ఆ చట్టం మీ సిలబస్‌లో ఒక పేరాగా వచ్చి ఉంటుంది. ఉద్యోగంలో చేరాక మొత్తం చదవండి.

మళ్లీ వైర్ల దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌లోని బోర్డో పాత రాతి నగరం. కార్లతో ఉక్కిరిబిక్కిరై ట్రామ్ తెచ్చుకోవాలనుకుంది. చర్చి ముందు, పాత కూడళ్లలో స్తంభాలూ వైర్లూ వద్దని పట్టుబట్టింది. అప్పటికి అలాంటి ఆధునిక ట్రామ్ ఎక్కడా లేదు, ఇంజనీర్లు కొత్తగా తయారు చేయాల్సి వచ్చింది. నేలలో పట్టాల మధ్య మూడో పట్టా వేశారు. 8 మీటర్ల కరెంటు ముక్క, 3 మీటర్ల కరెంటు లేని ముక్క, అలా వరసగా. ట్రామ్ సరిగ్గా పైకి వచ్చినప్పుడే కింది ముక్కలోకి కరెంటు వస్తుంది, దాటగానే ఆగిపోతుంది. అందుకే జనం దాని మీద నిశ్చింతగా నడుస్తారు. 2003 డిసెంబరులో ప్రారంభించాక మొదట్లో అది మాటిమాటికీ మొరాయించింది. నగరం పరువు పోయినంత పనైంది. అయినా పీకేయకుండా బాగు చేయించుకున్నారు. 2014లో మొదలైన దుబాయ్ ట్రామ్ అదే పద్ధతిలో నడుస్తోంది. మెరీనా దగ్గర పనిచేసే మన జగిత్యాల, కడప వాళ్లు రోజూ ఎక్కే బండి అదే.

ఇక హైదరాబాద్ మెట్రో. మొదట ఒక మాట: మెట్రో ఉండాలి. అందం పాడవుతుందని మెట్రోను వద్దన్నవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో కారు ఉంది. మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సులో గంటల తరబడి నిలబడ్డ మనిషి ఆ మాట అనడు. భూగర్భంలో వేస్తే ఖర్చు రెండు మూడింతలవుతుందన్న వాదన కూడా కొట్టిపారేసేది కాదు. మూడు కారిడార్లు కలిపి 69 కిలోమీటర్లు, అంతా పైనే. రోడ్డు మధ్యలో ఒక్క పిల్లర్ మీద స్టేషన్‌ను రెక్కల్లా నిలబెట్టడం తక్కువ ఇంజనీరింగ్ కాదు.

కానీ సుల్తాన్ బజార్ సంగతి వేరు. అది ఇరుకు బజారు. దుకాణదారులు ఏళ్ల తరబడి వద్దని ఆందోళన చేశారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్‌లో దారి మారుస్తామన్నారు. చివరికి రెండు చోట్లా లైన్ పైనుంచే పోయింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బజారు నెత్తిన రైళ్లు తిరుగుతున్నాయి. దానికి రెండేళ్లకు పైగా ముందే, 2017 మేలో, ఢిల్లీలో జామా మసీదు, ఎర్రకోట స్టేషన్లతో లైన్ తెరిచారు. అదంతా భూగర్భమే. అక్కడ పురావస్తు చట్టం అడ్డు నిలిచింది. ఇక్కడ హైదరాబాద్‌లో పాత కట్టడాలకూ రాతి గుట్టలకూ రక్షణ ఇచ్చిన, జోనింగ్ రూల్స్‌లోని 13వ రెగ్యులేషన్ ఒకప్పుడు ఉండేది, దాన్నీ 2015లో ఎత్తేశారు. రూలు ఉన్న చోట ఇంజనీరు దారి వెతికాడు. లేని చోట వెతకమని అడిగినవాడు లేడు.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఇంకో పాఠం. 2020 సెప్టెంబరులో తెరిచారు. దీపాలు చూడటానికి జనం విరగబడ్డారు, నడి రోడ్డు మీద సెల్ఫీలు. చివరికి వారాంతాల్లో వాహనాలు ఆపేసి బ్రిడ్జిని జనానికి వదిలారు. ట్రాఫిక్ కోసం కట్టింది పార్కు అయింది. చెరువు గట్టున కూర్చునే చోటు ఎంత కరువైతే జనం వంతెన మీదికి ఎక్కుతారు!

ఇప్పుడు మీ బల్ల మీదికి రాబోయేవి ఇవి. పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల లైన్, చార్మినార్‌కు కాస్త ఎడంగా స్టేషన్, రోడ్డు విస్తరణకు కూల్చివేతలు. విశాఖలో మొదటి దశ 46.23 కిలోమీటర్లు, అందులో కొంత దూరం కింద ఫ్లైఓవర్, పైన మెట్రోతో డబుల్ డెక్కర్. విజయవాడలో 38 కిలోమీటర్లకు పైగా. కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న విశాఖలో రెండంతస్తుల కాంక్రీటు లేస్తే ఏ వీధి నుంచి ఏది కనబడకుండా పోతుందో ఎవరైనా గీసి చూపించాలి. అది మీ పని.

ప్లాన్ డ్రాయింగ్‌లో అది కనబడదు, అందులో వయాడక్ట్ రెండు గీతలే. సెక్షన్ డ్రాయింగ్ అడగండి. పిల్లర్ నుంచి దగ్గరి కిటికీకి ఎన్ని మీటర్లు, స్టేషన్ మెట్లు ఫుట్‌పాత్‌లో ఎంత తింటాయి, వీల్‌చైర్ పట్టేంత మిగులుతుందా, వాన నీళ్లు పైనుంచి ఎక్కడికి జారతాయి అని రాసి పెట్టండి. ఆ కాగితాన్ని తెలుగులో, బొమ్మతో సహా, ఆ వీధి వాళ్లకు వార్డు ఆఫీసులో చూపించండి. పైలింగ్ మొదలయ్యాక ఎవరు అడిగినా ప్రయోజనం ఉండదు. ముందే అడగాలి, అడిగినట్టు ఫైల్లో నోట్ ఉండాలి.