పురుగుల చదువు

(రేడియో ప్రసంగ పాఠం)



మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే నేను చాలాకాలం "కాలేజీలో పాఠాలు చెబుతాను" అని ఊరుకునేదాన్ని. ఏం పాఠాలంటే వృక్షశాస్త్రం అనేదాన్ని. అంతకు మించి చెబితే అవతలివారి మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళకు పైగా నేను చదివిందీ, చదివించిందీ మొక్కకీ పురుగుకీ మధ్యనున్న సంబంధం గురించి. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే "పురుగుల చదువు". పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు ఆ మాట పొరపాటున కూడా అనవద్దని ఆవిడ నాకు ముందుగానే చెప్పి ఉంచింది. ఇప్పుడు పదవీ విరమణ కూడా అయిపోయింది కనుక ఇక దాచుకోవలసిన పనిలేదు.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. రథసప్తమి ముందురోజు సాయంత్రం జిల్లేడాకులు కోసుకు రమ్మని అమ్మ నన్ను కాలవగట్టుకి పంపేది. తలకీ భుజాలకీ ఆకులు పెట్టుకుని స్నానం చేయడం మనందరికీ తెలిసిందే కదా. నాకు తొమ్మిదేళ్ళప్పుడనుకుంటాను, కోయబోయిన ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు చారలతో ఒక పురుగు కనిపించింది. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని అమ్మ పదేపదే చెప్పేది. పశువు కూడా ఆ ఆకుకి మూతి పెట్టదు. మరి ఈ పురుగు హాయిగా ఎలా తింటోంది? ఇంటికొచ్చి అడిగితే "దాని రాత అది, నువ్వు ముందు ఆకులివ్వు" అంది అమ్మ.

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఎమ్మెస్సీలో గాని దొరకలేదు. ఆ పురుగు ముందుగా ఆకు ఈనెను కొరుకుతుంది. పాలన్నీ అక్కడ కారిపోతాయి. పాలు అందని అవతలి భాగాన్ని తీరిగ్గా తింటుంది. అంత చేసినా ఒంట్లోకి వెళ్ళే కాస్త విషాన్నీ పారేయదు, దాచుకుంటుంది. అది నారింజరంగు సీతాకోకచిలుక అయిన తరవాత కూడా ఆ విషం దాన్ని కాపాడుతుంది. ఒకసారి నోట పెట్టి కక్కుకున్న పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. అదే జిల్లేడు పూల మీద నల్లని పెద్ద తుమ్మెద వాలుతుంది చూడండి. పువ్వులోని సందులో దాని కాలు ఇరుక్కుని పుప్పొడి ముద్ద అంటుకుంటుంది. దాన్ని మరో పువ్వుకి చేరవేస్తేనే జిల్లేడు కాయ కాస్తుంది. అంటే ఒకే పొదలో ఆకు తినే శత్రువూ ఉంది, వంశం నిలిపే చుట్టమూ ఉంది. ఈ రెండింటి లెక్కా తేల్చడమే మా శాస్త్రం.

ఇందుకు అడవులకే పోనక్కరలేదు. మీ పెరట్లో కరివేపాకు చెట్టుంటుంది. దాని లేత ఆకు మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే కాస్త ఆగి చూడండి. అది సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు తనని రెట్ట అనుకోవాలని ఆ వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో తాకితే నెత్తిమీంచి నారింజరంగు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటుగా వాసన కొడుతుంది. తల్లి గుడ్డు పెట్టేముందు ముందరి కాళ్ళతో ఆకుని తడిమి, ఇది నా పిల్లలు తినే ఆకేనా కాదా అని రుచి చూస్తుంది. దానికి నాలిక కాళ్ళలో ఉందన్నమాట.

మొక్కలు కదలలేవు, పారిపోలేవు. కనుక ఒంట్లోనే ఆయుధాలు తయారుచేసుకుంటాయి. పాలు, చేదు, వగరు, ఘాటు, ముల్లు ఇవన్నీ అవే. మన పెడనలో కలంకారీ గుడ్డని కరక్కాయ కషాయంలో ముంచుతారు, రంగు పట్టడానికి. కరక్కాయలోని ఆ వగరు చాలా చెట్లలో ఉంటుంది. దాన్ని తిన్న పురుగుకి ఆకు సరిగా అరగదు. మొక్క తన కోసం చేసుకున్నదాన్ని మనం చీరల మీదికి తెచ్చుకున్నాం. మొక్కల్లోని ఇలాంటి పదార్థాలు పురుగుల్ని ఎదుర్కోవడానికేనని 1959లో ఫ్రాంకెల్ అనే శాస్త్రవేత్త గట్టిగా వాదించాడు. 1964లో ఎర్లిక్, రేవెన్ అనే ఇద్దరు, సీతాకోకచిలుకలూ మొక్కలూ యుగాల తరబడి ఒకదాన్నొకటి మార్చుకుంటూ వచ్చాయని చూపించారు.

అయితే ఈ దారిలో ముందు నడిచినవారిలో ఒక ఆడది ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మరియా సిబిల్లా మెరియన్ అని, 1647లో జర్మనీలో పుట్టింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. ఆవిడ పురుగుల్ని ఇంట్లో పెంచి, గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా చూసి, ఏ పురుగు ఏ మొక్కను తింటుందో ఆ మొక్క మీదే పెట్టి బొమ్మ గీసింది. 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళింది. 1705లో అచ్చయిన ఆవిడ పుస్తకాన్ని ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. ఈ సంగతి మా అమ్మకు చెబితే "కూతుర్ని కూడా తీసుకెళ్ళిందా!" అని ఆశ్చర్యపోయింది. ఆ తరవాత మా అమ్మ నన్ను ఆక్షేపించడం కొంత తగ్గించింది.

నేను బందరులో డిగ్రీ చదివి, విశాఖపట్నం వెళ్ళి ఎమ్మెస్సీ చేశాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి గారు పూలకీ పురుగులకీ గల సంబంధాన్ని ఓ శాస్త్రంగా నిలబెట్టారు. మన ఊళ్ళ చెట్ల మీద, మన ఎండల్లో, ఏ పువ్వు ఎన్నింటికి విచ్చుకుంటుంది, ఏ పురుగు ఎప్పుడొస్తుంది అని గడియారం పెట్టుకుని చూసే పద్ధతి అది. నాకది బాగా నచ్చింది. ఖరీదైన యంత్రాలక్కర్లేదు. ఓపిక కావాలి. ఓపిక మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

తరవాత ఒకచోట ఉద్యోగానికి వెళితే ఇంటర్వ్యూలో "పొలాల వెంబడి తిరగాలి కదమ్మా, ఆడపిల్లవి తిరగగలవా?" అని అడిగారు. "మా ఊళ్ళో ఊడ్చేదీ, కలుపు తీసేదీ, కోసేదీ ఆడవాళ్ళేనండీ" అన్నాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు. మరోచోట వచ్చింది లెండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, 1980 తరవాత రోజులు. మా పెద్దనాన్నగారి చేలో దోమపోటు పడింది. దోమపోటంటే మీకు తెలుసు. దోమ కుదురు మొదట్లో చేరి రసం పీల్చేస్తుంది. చేను సుడులు సుడులుగా ఎండి, నిప్పంటించినట్టు అయిపోతుంది. అందుకే సుడిదోమ అనీ అంటారు. ఆయన అప్పటికే ఆకుముడతకని రెండుసార్లు మందు కొట్టించారు. దోమ కనపడగానే మూడోసారి కొట్టించారు. దోమ తగ్గలేదు సరికదా, వారం తిరక్కుండా మరింత పెరిగింది. "ఏమ్మా, పురుగుల చదువు చదువుతున్నావుగా, చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

గట్టు మీద కలుపుతీత ముఠా అన్నాలు తింటున్నారు. ఆ ముఠాని నడిపించే పెద్దావిడని అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "ఇదివరకు పొద్దున్నే చేలో దిగితే మోకాళ్ళకి బూజు చుట్టుకునేదండీ అమ్మాయిగారూ. మందు కొట్టిన కాడినుంచీ ఒక్క సాలీడు కనపడితే ఒట్టు. అయ్యి ఉంటే ఈ దోమ ఇంత బలిసేదా?" అంది. మందు కొట్టిన మర్నాడే చేలోకి దింపడం వల్ల తన ముఠాలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందని కూడా ఆ మాటతోపాటే చెప్పింది. నేను మొదటి మాట రాసుకున్నాను. రెండో మాట రాసుకోలేదు.

ఆ మొదటి మాటే నా పరిశోధన అయింది. మందు కొట్టిన మడిలోనూ, కొట్టని మడిలోనూ కుదురు కుదురుకీ వంగి దోమల్నీ, సాలీళ్ళనీ, దోమ గుడ్లు పీల్చే పచ్చని మిరిడ్ నల్లినీ లెక్కపెట్టాను. దోమ తన గుడ్లు వరి ఆకు తొడిమ లోపల దాస్తుంది. మందు అక్కడికి చేరదు. పైన తిరిగే సాలీళ్ళూ, నల్లులూ చస్తాయి. గుడ్లు పగిలి పిల్లదోమలు బయటికొచ్చేసరికి వాటిని తినేవాళ్ళెవరూ ఉండరు. మనమే కాపలా కుక్కని చంపి దొంగకి తలుపు తీశామన్నమాట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో పీటర్ కెన్‌మోర్ అనే ఆయనా, ఆయనతో పనిచేసినవారూ దీన్నే నిరూపించి 1984లో ప్రకటించారు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద వాడే 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. పంట తగ్గలేదు.

ఇంకో దారి దోమకి తట్టుకునే వంగడాలు. 1973లో ఐఆర్ 26 అనే రకాన్ని విడుదల చేశారు. రెండు మూడేళ్ళకే దాన్ని తినగలిగే దోమ తయారైంది. మన మారుటేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ దిగుబడిలో రైతుల మనసు దోచుకుంది గాని దోమకి లొంగుతుంది. అదే మారుటేరువారు తరవాత విజేతలాంటి తట్టుకునే రకాలిచ్చారు. ఏ రకమైనా శాశ్వతం కాదు. మొక్క ఒక అడుగు వేస్తే పురుగు మరో అడుగు వేస్తుంది. అందుకే ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయండి, యూరియా మితంగా వేయండి, దోమని లెక్కపెట్టి గాని మందు జోలికి పోకండి అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లెక్క మీరూ పెట్టగలరు. కుదుర్ని పక్కకి వంచి కొడితే దోమలు నీళ్ళమీద తేలుతాయి.

వరి తరవాత నన్ను పట్టుకున్నది దివిసీమ మడ అడవి. దానికి కారణం 1977 నవంబరు 19. ఆనాటి ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారు. నేనప్పుడు బందరులో విద్యార్థిని. మగపిల్లలు సహాయానికి వెళ్ళారు. మా ఆడపిల్లలకి బట్టలు, బియ్యం మూటలు కట్టే పని ఇచ్చారు. వెళ్ళొచ్చినవాళ్ళు చాలా రోజులు అన్నం సరిగా తినలేకపోయారు. మడచెట్లు ఉన్నచోట అల జోరు కొంత విరుగుతుందన్న మాట మొదటిసారి అప్పుడే విన్నాను. ఉప్పెనని అవి ఆపేయలేవు. దాని బలం తగ్గిస్తాయి.

ఉద్యోగంలో స్థిరపడ్డాక సెలవుల్లో నాగాయలంక నుంచి పడవమీద వెళ్ళి ఆ చెట్ల పూలు చూసేదాన్ని. మడపువ్వు చిన్నది, పసుపురంగు. అందులో పుప్పొడి ముందు తయారవుతుంది, దాన్ని అందుకునే భాగం తరవాత సిద్ధపడుతుంది. కాబట్టి ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకి చేరాలంటే తేనెటీగలూ, ఈగలూ, కందిరీగలూ రావాలి. కాయలోని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, రాలి, ఆటుపోట్లకి తేలివెళ్ళి బురదలో నాటుకుంటుంది. గోదావరి ముఖాన కోరింగలో ఆచార్య ఎ. జె. సాల్మన్ రాజు గారు ఈ చెట్ల మీద వివరంగా పనిచేశారు. తేనె కోసం పట్టుకి నిప్పుపెట్టి ఈగల్ని మాడ్చేస్తే, మనం పోగొట్టుకునేది ఆ ఒక్క పట్టు కాదు. ఊరికి అడ్డుగా నిలిచే చెట్ల పిల్లల్ని కూడా.

చివరగా నా తప్పొకటి చెప్పుకోవాలి. నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీల్లో కృతజ్ఞతలు రాశాను. గురువుగారికి, సహాధ్యాయులకి, టైపు చేసినవారికి, భూమి వాడుకోనిచ్చిన పెద్దనాన్నగారికి. మేస్త్రమ్మకి లేదు. చాలా ఏళ్ళ తరవాత అది గుర్తొచ్చి ఊరికి వెళితే ఆవిడ అప్పటికే పోయింది. ఆవిడ అసలు పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు. కళ్ళు తిరిగి పడిపోయిన ఆ పిల్ల ఏమైందో కూడా అడగలేదు. సాలీళ్ళను లెక్కపెట్టినదాన్ని, మనుషుల్ని లెక్కపెట్టలేదు. మందు కొట్టిన చేలోకి కొన్ని రోజులు ఎవరినీ దింపకూడదు. డబ్బామీద రాసే ఉంటుంది. చదువొచ్చినవాళ్ళు ఆ మాట చదివి చెప్పాలి. అది నేను చేయవలసిన పని.

మీ ఇళ్ళల్లో పురుగుల్ని చూసి పారిపోకుండా కూర్చుని చూసే పిల్ల ఉంటే దయచేసి కసురుకోకండి. ఈనాడు బాపట్ల వ్యవసాయ కళాశాల ఉంది, విశాఖపట్నం ఉంది, మన బందరులోనే 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. ఆ పిల్లకి ఒక నోటుపుస్తకం కొనివ్వండి. ఏ రోజు, ఏ ఆకు మీద, ఏ పురుగు అని రాసుకోమనండి. పొలంలో పనిచేసేవారు ఏదైనా చెబితే అది కూడా రాసుకోమనండి, చెప్పినవారి పేరుతో సహా.