సారుకు తీరిక ఉంటేనే బిడ్డకు చదువు



మన పిల్లలు టెన్తు తప్పితే "వీడికి చదువు అబ్బలేదు" అని మగ్గం మీద కూర్చోబెడుతున్నాం. ఆ బడిలో సారు ఎట్లా పనిచేస్తున్నాడో ఒక్కసారైనా అడిగామా?

ఒక్కడే నాలుగు గుంటమగ్గాలు నేయగలడా? లెక్కల సారే సైన్సూ చెప్పి, ఆఫీసు రిజిస్టర్లూ రాస్తుంటే పిల్లల నోటుబుక్కులు దిద్దేదెప్పుడు? తెగిన పడుగు పోగు అప్పుడే అతకకపోతే గుడ్డ పొడుగునా లోపమే. ఏడులో దిద్దని లెక్క టెన్తులో బయటపడుతుంది. తెలుగు టీచరు రిటైరైన పోస్టు ఖాళీగా ఉండిపోతే మన భాషా పోతుంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదు. సర్కారు బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు.

అంటే అడిగే హక్కు మనదే. ఒక పూట మగ్గం ఆపైనా ఆ మీటింగుకు పోదాం. మార్కులెన్ని అని పిల్లవాణ్ణి అడిగే ముందు, ఖాళీ పోస్టులెన్ని అని బడిని అడుగుదాం.